గుండీల డబ్బాలో వైద్యం

ఆ వీధిలో బట్టలు కుట్టే అత్త ఒకామె ఉంది. ఆమె మిషను పక్కన అరలున్న రేకు డబ్బా ఒకటి. సగం అరల్లో గుండీలు, మిగతా సగంలో యాంటీబయాటిక్ మాత్రలు. రెండూ రంగులవారీగానే సర్దింది.

డాక్టరు ఐదురోజులకు మందు రాస్తే అత్త రెండు రోజులు వేసుకునేది. జ్వరం తగ్గగానే మిగిలినవి డబ్బాలోకి చేరేవి. "తగ్గాక కూడా మింగడానికి నాకేమన్నా పిచ్చా?" అనేది. ఎరుపు జలుబుకి, పసుపు పుండుకి, నీలం కడుపునొప్పికి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు దగ్గితే చాలు, చేతిలో ఒక ఎర్రది పెట్టేది. జలుబు ఎలాగూ వారానికి తగ్గేదే, పేరు మాత్రం అత్తకు దక్కేది. వెయ్యిమందిని చంపితేగాని అర్ధవైద్యుడు కాడంటారు. అత్త ఒక్కరినీ చంపకుండానే పూర్తి వైద్యురాలైపోయింది.

ఒకరోజు మిషను సూది ఆమె కుడి చూపుడువేల్లో దిగింది. పసుపుది వేసుకుంది. వాపు తగ్గలేదు. ఎర్రది, తర్వాత నీలం కూడా అయ్యాయి. వేలు నల్లబడ్డాక కూతురు ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది.

చీము పరీక్షకు పంపారు. కాగితంలో పన్నెండు మందుల పేర్లు. పదకొండింటి ఎదురుగా 'పనిచేయదు' అని ఉంది.

"ఇంతకుముందు ఏం వాడారమ్మా?" అంది డాక్టరమ్మ.

అత్త సంచిలోంచి డబ్బా తీసి గర్వంగా మూత తెరిచింది. తోటి వైద్యురాలు కదా, మెచ్చుకుంటుందనుకుంది.

డాక్టరమ్మ డబ్బా మూత మూసేసింది. "అవసరం లేకుండా వాడారు, అవసరమైతే సగంలో ఆపారు. చావని క్రిములు రాటుదేలాయి. మీ ఒక్కరికే కాదు, మీ వీధి నుంచి ఈ నెల్లో ఇలా వచ్చినవాళ్లలో మీరు నాలుగోవారు."

అత్తకు వీధి సంగతి వినబడలేదు. "వేలు దక్కుతుందా తల్లీ? నాకు తిండి పెట్టేది అదే," అంది.

పన్నెండో మందు చేతిని కాపాడింది. వేలిని కాపాడలేకపోయింది.

ఇంటికొచ్చి అత్త మిషను ముందు కూర్చుంది. ఎడమచేత్తో సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఏడ్చేసింది. అప్పుడే పక్కింటి కోడలు లోపలికొచ్చింది.

"అత్తా, గొంతు నొప్పిగా ఉంది. ఒక ఎర్రది ఇద్దూ."

అత్త కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించింది. చూపుడువేలు ఉండాల్సిన చోట ఖాళీ.

"అయ్యయ్యో! ఇంతదాకా తెచ్చుకున్నావేంటత్తా," అంది ఆ పిల్ల నిజంగానే బాధపడుతూ, "మొదట్లోనే ఓ పసుపుది వేసుకోకపోయావా?"