అక్క పడవకన్నా పొడుగ్గా

ఆ రోజుల్లో మా వీధి ఆడవాళ్ళు ఒకరి చీర చూసి ఒకరు, ఒకరి ఫోను చూసి ఒకరు కుళ్ళుకునేవారు. నేను మాత్రం ఒక పడవను చూసి కుళ్ళుకున్నాను. అదేమీ పెద్ద ఓడ కాదు. మా తోడికోడలు, అంటే మా ఆయన అన్నయ్య భార్య, భీమిలి ఏటిలో గుల్లలు ఏరడానికి కొనిపించుకున్న చిన్న ఫైబరు పడవ. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, పెళ్ళయి ఏడాది. రోజూ పొద్దున్నే బస్సెక్కి పట్నంలోని సీతమ్మధారలో ఒక డాక్టరుగారి క్లినిక్కుకి వెళ్ళి, రోగులకు టోకెన్లు రాసిచ్చి, సాయంత్రానికి నలిగిపోయి ఇల్లు చేరేదాన్ని. అప్పటికి అక్క (తోడికోడల్ని అక్కా అనే పిలిచేదాన్ని, కుళ్ళంతా లోపలే) ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలోంచి ఏరి తెచ్చిన గుల్లలు కూరై ఉండేవి. మా అత్త పళ్ళెం నా ముందు పెట్టి, "సూడు పిల్లా, పెద్దది తెచ్చిన గుల్లలు! ఎంత కండగున్నాయో! ఇసకన్నది లేదు" అనేది. కూర అద్భుతంగా ఉండేది. అదే నా బాధ.

ఒక ఆదివారం చర్చిలో అక్క పాటలవాళ్ళతో నిలబడి పాడుతుంటే, నేను తలనొప్పని చెప్పి బయటపడి, తిన్నగా ఏటి ఒడ్డుకు పోయి నా చున్నీతో ఆ పడవను కొలిచాను. రెండు చున్నీలు, పైన ఒక జానెడు వచ్చింది. (దేవుడు చూస్తాడని తెలుసు, అక్క చూడకపోతే చాలనుకున్నాను.) ఆ మధ్యాహ్నమే మా ఆయనతో, మనమూ పడవ కొనాలి, సెలవురోజున మనమూ గుల్లలు తేవాలి అన్నాను. పోర్టులో క్రేను దగ్గర పని చేసే ఆయన రోజంతా ఓడల్ని చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. "ఇంట్లో ఒక పడవుంది కదే, మల్లీ ఇంకోటి ఏటి సేసుకుంటావు?" అన్నాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పడవ చూడ్డానికి బయల్దేరాం.

పాత పడవలకు అతుకులేసి, రంగులు కొట్టి అమ్మే ఒక ముసలాయన ఉండేవాడు. ఊరంతా పెయింటు తాత అనేవారు. ఆయన ముందుగా, "ఎక్కడ తిప్పుతావమ్మా, ఏటిలోనా, సముద్రంలోనా?" అని అడిగాడు. "మా అక్క పడవకన్నా పొడుగుండాల తాతా" అన్నాను. తాత మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఆకాశం వైపు చూశాడు. తాత ఓపిగ్గా, అడుగు చదునుగా ఉన్న ఒక పొట్టి పడవ దగ్గరికి తీసుకెళ్ళాడు. దాని ఒంటినిండా అతుకులే. "గుల్లలకైతే ఇదే అమ్మా. లోతు లేని నీటిలో తేలాల, వొంగితే సెయ్యి ఇసకకి తగలాల, ఒడ్డుకొత్తే ఇద్దరు మోసుకెల్లిపోవాల. అంతకన్నా ఏటి కావాల?" అన్నాడు. నాకు ఇంకేం కావాలో దాని పక్కనే ఉంది. ముక్కు పైకెత్తుకుని, నీలం రంగులో నిగనిగలాడుతూ, మూడు చున్నీల పొడవున్న పడవ. "అది అలల మీదకెల్లే పడవమ్మా. అడుగు కోసుగా ఉంటది, అంచులు ఎత్తు" అని తాత చెబుతూనే ఉన్నాడు. "ఇది పడవ కాదే, భీమిలి బస్సు" అని మా ఆయన గొణిగాడు. నేను అప్పటికే అందులోకి ఎక్కి కూర్చున్నాను.

తరువాతి ఆదివారం ప్రార్థన అయ్యాక, అత్తా అక్కా ఒడ్డున నిలబడి చూస్తుండగా, గెడ వేస్తూ మా ఆయనా, ముందు రాణిలా నేనూ బయల్దేరాం. అక్క రోజూ వెళ్ళే ఇసుక మేట దాకా మా పడవ రానే రాలేదు. మోకాలు మునిగే నీళ్ళలోనే ఆగి, అడుగు గీసుకుంటూ మూలిగింది. సరే, ఇక్కడే ఏరదామని అంచు మీంచి వంగాను. చెయ్యి ఇసుకకు అందలేదు. ఇంకాస్త వంగాను. ఆ తర్వాత నాకు తెలిసింది ఉప్పునీళ్ళ రుచి ఒక్కటే. లేచి నిలబడేసరికి మా ఆయన నవ్వలేక చస్తూ ఫోనులో వీడియో తీస్తున్నాడు. ఆయన్ని తిట్టి, తడిబట్టలతో పడవెక్కి, తప్పెవరిదో తేల్చుకునేలోగా ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తీసేశాయి. పడవ బురదలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది, అదీ వీడియోలోకెక్కింది. మళ్ళీ పోటు వస్తేగాని కదలదు.

అప్పుడు వచ్చింది అక్క, చీలమండలోతు నీళ్ళ మీద పళ్ళెంలా తేలే తన పడవలో, బుట్టెడు గుల్లలతో. ఏదో ఒకటి అంటుందని పళ్ళు బిగబట్టాను. తను మాత్రం దిగి వచ్చి మా పడవ ముక్కు మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇలాటి పెద్దది కొందామని మీ బావగార్ని ఎన్నిసార్లు అడిగానో పిల్లా. ఇనలేదు. నీకేటి, నీ మొగుడు నీ మాటింటాడు. పొద్దున్నే బేగు బుజానేసుకుని బస్సెక్కేస్తావు. సీతమ్మధార ఎలాగుంటదో నాను సూడనే లేదు" అంది.

ఆ మాటకు నాకు జాలి కలగాలి. నిజం చెబితే కలిగింది పట్టరాని సంతోషం. అక్క నన్ను చూసి కుళ్ళుకుంటోంది! జాలి నెమ్మదిగా, పోటుతోపాటే వచ్చింది. అప్పటిదాకా ఇద్దరం ఆ వంకర పడవలో కూర్చుని, తను క్లినిక్కు గురించి అడుగుతుంటే నేను చెబుతూ, నేను గుల్లల కూర గురించి అడుగుతుంటే తను చెబుతూ ఉన్నాం. మా ఆయన ఒక్కడే బురదలో దిగి ఏరుతున్నాడు. నెల తిరక్కుండా నీలం పడవను సముద్రానికి వెళ్ళేవాళ్ళకు ఇచ్చేశాం.

ఇప్పుడు ఆ వీడియో చూస్తే, జుట్టునిండా నాచుతో, ఒరిగిన పడవలో తల ఎత్తుకుని కూర్చున్న ఆ పిల్లను చూసి నవ్వొస్తుంది. కాసేపయ్యాక, నన్ను చూసి ఎవరైనా అంత మనస్ఫూర్తిగా కుళ్ళుకుని ఎన్నాళ్ళయిందో కదా అని చిన్న బెంగ కూడా వేస్తుంది.