వదులైన గాజులు

నకిరేకల్ బజారులో గాజులమ్మే ఆమెకు మల్లీశ్వరి దూరాన కనబడగానే సబ్బు గుర్తొచ్చేది. మిగతా ఆడవాళ్ళకు చెయ్యి కాస్త పిసికి, వేళ్ళు దగ్గరికి ముడిస్తే ఎక్కే గాజు, మల్లీశ్వరికి నురగ పట్టిస్తే తప్ప బొటనవేలు దాటేది కాదు. పక్కన నిలబడ్డ మొగుడు రఘుపతి నోరు మూసుకుని ఉంటాడా అంటే ఉండడు. దుకాణంలో ఉన్న నలుగురికీ వినబడేట్టు, మా ఇంటామెకు గాజులు సాలవు, బండి చక్రానికేసే పట్టా ఉంటే చూడుండ్రి అనేవాడు. ఆమె కళ్ళురిమేది. ఊరు చేరేదాకా అతనితో మాట్లాడేది కాదు. ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేశాక ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్ళు.

అంత కష్టపడి ఎక్కిన గాజులు మణికట్టు మీద బిగుసుకుని కూర్చునేవి. అటు జరగవు, ఇటు జరగవు. బట్టలు ఉతికినా, అంట్లు తోమినా వాటి చప్పుడు ఎవరికీ వినబడేది కాదు.

ఆ ఒళ్ళు ఆమెకు ఊరికే రాలేదు. మల్లీశ్వరి పుట్టింది దేవరకొండ దిక్కు మెట్ట ఊళ్ళో. చిన్నప్పుడు పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్న రొట్టె. వరి బువ్వ పండక్కో, చుట్టం వచ్చినప్పుడో. చుట్టం తిని లేచాక గిన్నెలో ఏమన్నా మిగిలిందా అని పిల్లలంతా తొంగి చూసేవాళ్ళు. కడుపునిండా తెల్లన్నం తినడమే బతుకు బాగుపడటమని ఆ పిల్ల బుర్రలో అప్పుడే పడిపోయింది. రఘుపతికి నిమ్మ తోట ఉందని, బోరు కింద కొంత వరి కూడా పండుతుందని తెలిసినప్పుడు ఆమె పెళ్ళికొడుకు మొహం కూడా సరిగా చూడలేదట. ఈ మాట ఆమే చెప్పి మొగుణ్ణి ఉడికించేది.

అత్తగారింట్లో ఆమె తిన్నది. కూతురు దీప్తి కంచంలో వదిలేసింది తిన్నది, గిన్నె అడుగున మిగిలింది తిన్నది, పొద్దుటి సద్దన్నం కుక్కకు వేయబుద్ధి కాక అదీ తిన్నది. పొయ్యి దగ్గర నిలబడి తినేది లెక్కలోకి రాదనుకునేది. ఆకలి చూసిన మనిషికి మెతుకు పారేయాలంటే చెయ్యి రాదు, అందుకు ఆమెను ఎవరేమనగలరు? ఊళ్ళోవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. మొగుడు మంచిగ చూసుకుంటున్నడు, అందుకే ఒళ్ళు చేసింది అన్నారు.

తెలంగాణ వచ్చాక రెండో ఎండాకాలం బోర్లు ఎండిపోతే, చెట్లను బతికించుకోవడానికి రఘుపతి ట్యాంకర్లతో నీళ్ళు తోలి రాత్రీ పగలూ తోటలోనే పడి ఉన్నాడు. చెట్లు బతికాయి. అతని మోకాళ్ళు పట్టేశాయి. నొప్పి లేచినప్పుడల్లా ఒక గోళీ వేసుకోవడం, మళ్ళీ పనిలో దిగడం. అట్లా ఏళ్ళు గడిచాయి. ఒకనాడు మొహం వాచి, చెప్పులు కాళ్ళకు పట్టక నల్లగొండ దవాఖానకు పోతే, రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నారు. బీపీ వల్లనా, ఆ గోళీల వల్లనా అంటే ఎవరూ తేల్చి చెప్పలేదు. వారానికి కొన్నిసార్లు సూదుల మధ్య పడుకుని రక్తం కడిగించుకోవడం మొదలైంది. నీళ్ళు కొలిచి తాగాలన్నారు. కొలత మించితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికొస్తుందని గట్టిగా చెప్పారు.

కిడ్నీ ఎవరైనా ఇస్తే మార్చొచ్చన్నప్పుడు దీప్తి ముందుకొచ్చింది. పెళ్ళి కావలసిన పిల్ల అని రఘుపతి ససేమిరా అన్నాడు. మల్లీశ్వరి నెత్తురు కలిసింది. హైదరాబాదులో పెద్ద డాక్టరు ఆమెను మిషను ఎక్కించి చూశాడు. చదువుకున్నవాళ్ళు లావు అనరు, బరువు అంటారు. ఈ బరువుతో, షుగరు అంచు మీద ఉన్న ఒంటితో ఒక కిడ్నీ తీస్తే రేపు మీకే డయాలసిస్ పెట్టాల్సి వస్తుంది, తగ్గి రండి అన్నాడు. ఎంత తగ్గాలో చెప్పాడు. ఆమెకు అది సగం మనిషిని ఇంట్లో వదిలేసి రమ్మన్నట్టే వినబడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో రఘుపతి ఒక్కటే అడిగాడు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆడదాని ఒంట్లోంచి తీసుకుని బతికాడనే మాట పడలేనన్నాడు. అతని సొంత అక్క రామమ్మకు కూడా చెప్పొద్దన్నాడు. ఆమె సరేనంది.

బరువు తగ్గడం ఎట్లాగో మల్లీశ్వరికి తెలిసిన దారి ఒక్కటే. చెరువుగట్టు రామలింగేశ్వరునికి మొక్కుకుని ఒక్కపొద్దులు పట్టింది. వారానికి ఒకటి కాదు, రోజూ. పగలంతా పచ్చి మంచినీళ్ళు, దీపం పెట్టాక బువ్వ. పగలంతా దేవుడి కోసం ఉపాసమున్న మనిషి రాత్రి దేవుడి వాటా కూడా తానే తినేది. కొద్ది రోజులకే నిమ్మ చెట్ల కింద కళ్ళు తిరిగి పడింది. ముళ్ళు గీసుకుని చేతులన్నీ నెత్తురు. మిషను మీద చూస్తే బరువు పెరిగింది.

దవాఖానలో తిండి గురించి చెప్పే పిల్ల పేరు నిరోష. దీప్తి ఈడుది. ఒక్కపొద్దుల సంగతి విని ఆ పిల్ల నవ్వలేదు.

"అమ్మా, ఇది మొక్కు కాదు. దేవుడు నీ బరువు చూడడు, మా సార్ చూస్తడు. ఉపాసం ఉండకు. మూడు పూటలా తిను, కొంచెం తిను."

తర్వాత, చిన్నప్పుడు మీ ఇంట్లో ఏం తినేవాళ్ళని అడిగింది. గట్క, జొన్న రొట్టె, తోటకూర, పుంటికూర, పెసర్లు అని మల్లీశ్వరి చెప్తుంటే, ఇగ నేను చెప్పేదేముంది, అదే తిను అంది. మల్లీశ్వరికి ఒళ్ళు మండింది. దేన్ని తప్పించుకోవడానికి పెళ్ళి చేసుకుని ఇంత దూరం వచ్చిందో మళ్ళీ దాని దగ్గరికే పంపిస్తోంది ఈ పిల్ల.

ఆ రాత్రి జొన్నపిండి కలిపింది. ఎన్నేళ్ళయిందో రొట్టె కొట్టి. మొదటిది పెనం మీదికి పోకముందే విరిగింది, రెండోది నిలిచింది. కాలుతున్న వాసనకు చచ్చిపోయిన తల్లి ఎదుట కూర్చున్నట్టయింది. ఏడ్చుకుంటూనే తిన్నది. పేదరికం మళ్ళీ ఇంట్లోకి వచ్చినట్టు అనిపించి ఏడ్చింది, రొట్టె రుచిగా ఉన్నందుకూ ఏడ్చింది.

అప్పటినుంచి నిలబడి తినడం మానేసింది. చిన్న కంచం తీసుకుని కింద కూర్చుని, పొద్దు గూకకముందే తినేది. ఒక రొట్టె, దాని మీదికి అంతకు రెండింతలు కూర, ఇంత పప్పు, పలచటి మజ్జిగ. చాయలో చక్కెర మానడం అన్నిటికంటే కష్టమైంది. ఆ చేదు చాయ తాగుతుంటే ఆమె మొహం చూసి రఘుపతి నవ్వేవాడు. అతని ముందు చిన్న చెంబుడు నీళ్ళు, అవి రోజంతటికీ. ఉప్పు లేని కూర. ఒకరికి బువ్వ కొలత, ఒకరికి నీళ్ళ కొలత. నీ బువ్వ నేను తింట, నా నీళ్ళు నువ్వు తాగు, లెక్క సరిపోతది అనేవాడు. ఆ ఇంట్లో అట్లాంటి పరాచికాలకు కొదవ లేదు, అందుకే ఆ రోజులు గడిచాయి.

తోటకు ఎప్పుడూ మొగుడి బండి వెనక కూర్చుని పోయేది. ఇప్పుడు అతను బండి నడపలేడు. తెల్లారకముందే నడిచిపోయేది. మొదట్లో సగం దూరంలో ఉన్న కల్వర్టు మీద కూలబడి, ఎవరన్నా చూస్తున్నారేమోనని కొంగుతో మొహం తుడుచుకునేది. పోను పోను ఆ కల్వర్టు దగ్గర ఆగడం మరిచిపోయింది. కూలీలు తెంపుకొచ్చిన కాయలను బస్తా మీద కూర్చుని ఏరే మనిషి, తానే కొమ్మల కింద వంగి తెంపసాగింది.

ఒకరోజు పొద్దున ఆమె తోట నుంచి వచ్చేసరికి రఘుపతి వాకిట్లో మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. తల తిప్పకుండానే పలికాడు.

"నువ్వు మూల మీద ఉండంగనే ఎర్కైంది. నీ గాజులు మోగుతున్నయ్."

ఆమె చెయ్యి చూసుకుంది. నిజమే. మణికట్టు మీద గాజులు కిందికీ మీదికీ జరుగుతున్నాయి. ఆ రోజునుంచి గేటు దగ్గరికి రాగానే చెయ్యి ఒకసారి ఊపడం అలవాటైంది. మంచం మీంచి అతను "ఆ" అనేవాడు. ఎంత తగ్గినవని ఎప్పుడూ అడగలేదు. చప్పుడు వింటే చాలు అతనికి. తర్వాత తర్వాత గాజులు మోచేతి దాకా పోయి వస్తుంటే, పనిలో ఊడి పడతాయని ఆమె దారంతో కట్టుకునేది. కొత్తవి వేయించుకొమ్మన్నాడు. నీ ఆపరేషన్ అయినంక ఇద్దరం పోయి వేయించుకుందాం, సబ్బు లేకుంట అంది.

ఊరికి ఇవేమీ తెలియవు కదా. షుగరు ముదిరిందన్నారు, మొగుడి బెంగతో చిక్కుతోందన్నారు. నకిరేకల్ ఫంక్షన్ హాలులో రామమ్మ మనవరాలి పెళ్ళయింది. రామమ్మ స్వయంగా గరిటె పట్టుకుని మల్లీశ్వరి విస్తట్లో బగారా అన్నం కుప్పగా పోసింది. మల్లీశ్వరి రెండు ముద్దలు తిని, కూర ముక్కలు ఏరుకుని లేచింది. నా ఇంట్ల బువ్వ నీకు చేదైందా అని రామమ్మ నలుగురిలో అడిగింది. చెప్పాలంటే ఒక్క మాట చాలు. మల్లీశ్వరి చెప్పలేదు. రామమ్మ ఆ తర్వాత చాలా రోజులు ఆ గడప తొక్కలేదు.

ఎండలు ముదురుతుండగా డాక్టరు చెప్పిన బరువుకు దిగింది. నిరోష లేచి వచ్చి ఆమెను గట్టిగా పట్టుకుంది. షుగరు కూడా దారికొచ్చింది. ఇంక పరీక్షలు, అనుమతి కాగితాలు, కొన్ని వారాల్లో ఆపరేషన్ అన్నారు. బస్టాండులో రఘుపతికి దాహం తీరడానికి చిన్న మంచు ముక్క కొనిచ్చింది. అది బుగ్గన పెట్టుకుని, నేను బతుకుతనే మల్లీ అన్నాడు. ఆ మాట అతని నోట ఆమె వినడం అదే మొదటిసారి.

ఆ వారాలు గడవలేదు. ఆ ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడింది. ఆదివారం పొద్దున ఆమె ఎప్పటిలాగే తోటకు పోయింది. మర్నాడు డయాలసిస్. తిరిగొచ్చి గేటు దగ్గర చెయ్యి ఊపింది. "ఆ" అనలేదు. నిద్రపట్టిందేమోలే అనుకుంది. దగ్గరికి పోయి చూస్తే, వంటింట్లో నిండుగా ఉండాల్సిన బిందె మంచం కింద ఉంది, సగానికి పైగా ఖాళీ. ఎన్నాళ్ళ దాహమో, ఓర్చుకోలేకపోయాడు. గుండె ఎగిరెగిరి పడుతోంది, గొంతులో గురగుర. ఆటోలో ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నవాడు నార్కట్‌పల్లి దాటకముందే పోయాడు.

అందరూ ఏడ్చారు. మల్లీశ్వరిని కోసేసింది మాత్రం ఒక్క ఆలోచన. ఆ పొద్దు నడవకుండా పక్కన కూర్చుని ఉంటే బిందె దూరం పెట్టేది కదా. అతని కోసం వేసిన అడుగులే తనను అతనికి దూరం చేశాయని నమ్మింది. దీప్తి ఎంత చెప్పినా ఆ నమ్మకం పోలేదు.

పదో రోజున ఆడవాళ్ళు ఆమెను మధ్యలో కూర్చోబెట్టారు. మనిషి పోయిన దుఃఖం చాలనట్టు, ఉన్న మనిషి చేతుల మీద రాయి పెట్టే ఆచారం ఎవరు కనిపెట్టారో. గాజులు పగలగొట్టడం రామమ్మ వంతు. ఆమె రాయి తీసుకుని, మరో చేత్తో మల్లీశ్వరి చెయ్యి పట్టుకుని కొద్దిగా వంచింది. కట్టిన దారం ఎప్పుడు తెగిందో, గాజులన్నీ ఒక్కసారి జారి రామమ్మ అరచేతిలో పడ్డాయి. ఒక్కటి కూడా పగలలేదు. రామమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. అవీ అంతే.

చేతిలో రాయితో రామమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. పది రోజులల్ల ఎట్ల సిక్కిపోయింది సూడుండ్రి, మొగని బెంగ అంటూ ఒకామె ఏడుపు ఎత్తుకుంది. గాజులు రాయి మీద పెట్టి కొట్టమని ఇంకొకామె అంది. అప్పుడు మల్లీశ్వరి రామమ్మ మణికట్టు పట్టుకుంది.

"కొట్టకు వదినె. నేను ఆయన పోయిండని సిక్కలే. ఆయన ఉండాలని సిక్కిన. నా కిడ్నీ ఇద్దామని."

రామమ్మకు మనవరాలి పెళ్ళినాటి విస్తరి గుర్తొచ్చి ఉంటుంది. రాయి పక్కన పెట్టింది. గాజులన్నీ కొంగులో మూట కట్టి రొంటిన దోపుకుంది. ఆచారం సంగతి అడిగే ధైర్యం మళ్ళీ ఎవరికీ లేకపోయింది.

మర్నాడు తెల్లారకముందే మల్లీశ్వరికి మెలకువ వచ్చింది. ఒంటికి అలవాటైన వేళ అది. నీళ్ళు లేక చెట్లు వాడుతుంటాయని లేచి తోటకు నడిచింది. మోటరు వేసి, పాదులు తడిసేదాకా ఉండి, వెలుగు వచ్చాక తిరిగొచ్చింది. గేటు దగ్గరికి రాగానే తెలియకుండానే చెయ్యి ఊపింది. చప్పుడు రాలేదు. మళ్ళీ ఊపింది. అప్పుడు గుర్తొచ్చి, ఖాళీ మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుని, పది రోజులుగా రాని ఏడుపు ఏడ్చింది.