బందరు రోడ్డు బోర్డులు చదువుకుంటూ

నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చి ఇంకా మూడు నెలలు కాలేదు. యాభై దాటాక స్టీరింగ్ పట్టుకున్న మనిషికి రోడ్డు మీద అన్నిటికంటే ముందు బోర్డులే కనపడతాయి. పరీక్ష కోసం ఆ గుర్తులన్నీ బట్టీ పట్టాం కదా, ఊరికే వదలబుద్ధి కాదు. యూరప్‌లో కారేసుకుని తిరిగొచ్చినవాళ్ళు అక్కడి పెద్ద రోడ్ల బోర్డుల గురించి పేజీలకు పేజీలు రాస్తుంటారు. నీలం బోర్డుకు ఒక అర్థమట, తెల్లదానికి ఒకటట. నేను అంత దూరం వెళ్ళలేదు, వెళ్ళే యోగమూ కనపడటం లేదు. విజయవాడ నుంచి బందరు దాకా వెళ్ళొచ్చాను. ఆ దారినే చెబుతాను. ఎవరైనా అటు కారేసుకుని వెళితే పనికొస్తుంది.

ప్రయాణం ఎందుకంటే, మా తమ్ముడు నాగరాజు బందరు రేవు పక్కన గిలకలదిండిలో చేపల వ్యాపారం చేస్తాడు. కొత్త వ్యాను కొన్నాడు. మావాళ్ళలో కొత్త బండికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఆ తొలిసారి నడపడం ఇంట్లో చెయ్యి తిరిగిన పెద్ద చేత చేయిస్తారు. మావారు పాతికేళ్ళకు పైగా ఈ రోడ్డు మీదే చేపల వ్యాను నడిపారు కాబట్టి ఆ గౌరవం ఆయనది. అంతటితో అయిపోలేదు. ఈ సీజనంతా ఆ వ్యాను బావే నడపాలని తమ్ముడి పట్టు. "చూద్దాంలేరా" అని ఫోన్ పెట్టేశారు కానీ, ఆ సాయంత్రం ఆయన పాత ఖాకీ చొక్కా తీసి ఇస్త్రీ చేసుకోవడం నేను చూశాను.

ఆదివారం ఉదయం ఏడింటికి పటమటలో బయల్దేరాం. కారు మాదే, చిన్నది. నేను నడుపుతానంటే, "బందరు రోడ్డు మీద నన్ను పక్కన కూర్చోబెడతావా?" అని నవ్వి ఆయనే ఎక్కారు. సరే, నాకు బోర్డులు చూసుకునే తీరిక దొరికిందనుకున్నాను.

ఆటోనగర్, కానూరు, పోరంకి దాటేదాకా ఊరు ఊరికి అతుక్కునే ఉంటుంది. బట్టల షాపుల బోర్డుల మధ్య రోడ్డు బోర్డును వెతుక్కోవాలి. పెనమలూరు దాటాక కాస్త ఊపిరాడుతుంది. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలు: కంకిపాడు ఇంత దూరం, ఉయ్యూరు ఇంత, మచిలీపట్నం ఇంత. అందరం బందరు అనే ఊరిని ఒక్క బోర్డూ బందరు అనదు. నడిమధ్య డివైడర్ మీద గన్నేరు పూలు. పక్కన కాలువ కాసేపు కనపడుతుంది, కాసేపు కనపడదు. యూ టర్న్ బోర్డు ఎంత పెద్దదున్నా, అంత దూరం ఎవరు వెళతారని మోటార్‌సైకిళ్ళు ఎదురుగానే వచ్చేస్తుంటాయి. ఒకాయన పాలక్యాన్లతో ఎదురొచ్చి, మేమే తప్పు దారిలో వస్తున్నట్టు మా వైపు గుర్రుగా చూశాడు.

నేను కనపడ్డ బోర్డునల్లా పైకి చదువుతుంటే మావారికి హుషారొచ్చింది. "నువ్వు చదివేదాకా ఎందుకు? నేను ముందే చెబుతా చూడు" అన్నారు. "ఇప్పుడొచ్చేది మలుపు బాణం." వచ్చింది. "ఇప్పుడు బడి, పిల్లల బొమ్మ." అదీ వచ్చింది. నాకు భలే సరదా వేసింది. పాతికేళ్ళ అనుభవమంటే ఇది అనుకుని, చిన్నపిల్లలా చప్పట్లు కూడా కొట్టాను.

టోల్‌గేటు దగ్గర అద్దానికి అంటించిన టోలు స్టిక్కర్‌ను మిషను చదువుకుంది, కర్ర లేచింది, ఆగే పని లేదు. అక్కణ్ణుంచి రోడ్డు పక్క వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోతల రోజులు. సర్వీసు రోడ్డంతా బంగారు రంగు, అంచున వరసగా రాళ్ళు, మూలకు ఒక చెట్టు కొమ్మ. ఆ కొమ్మే ఇక్కడి బోర్డు. చెడిపోయిన లారీ వెనకా కొమ్మే, గుంత పడిన చోటా కొమ్మే. పరీక్ష పుస్తకంలో దాని బొమ్మ లేదు కానీ, దాన్ని చూసి తప్పుకోని వాళ్ళను నేను చూడలేదు.

ఉయ్యూరు వస్తోందని చక్కెర ఫ్యాక్టరీ వాసనే చెప్పేస్తుంది. కాగే బెల్లంలాంటి పులిసిన వాసన. అక్కడ ఒక చిన్న హోటల్లో ఆగి పెసరట్టు తిన్నాం. అల్లం పచ్చడి బాగుంటుంది, టీ మాత్రం పాకమే. పక్క బల్ల దగ్గర ఒక లారీ డ్రైవరు మా మాటలు విని, "బోర్డులు చూసుకుని పోయేది బయటోళ్ళండీ. మనకెందుకండీ?" అన్నాడు. "బాగా చెప్పావయ్యా!" అని మావారు అతని భుజం తట్టారు. ఆయనకు ఆ మాట ఎందుకంత నచ్చిందో నాకు అప్పుడు తెలియలేదు.

పామర్రులో రోడ్లు నాలుగు వైపులకూ చీలతాయి. గుడివాడ ఎటు, చల్లపల్లి ఎటు అని పెద్ద బోర్డు ఉంటుంది, ఎటూ తికమక పడక్కర్లేదు. అది దాటాక రెండు పక్కలా పొలాలే. పొద్దు సూటిగా మా ముఖాల మీదికి కొడుతోంది. మావారు స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ, "అదిగో, ఇరుకు వంతెన బోర్డు వచ్చేసింది, చూశావా?" అన్నారు.

చూశాను. అక్కడ ఇరుకు వంతెన బోర్డు లేదు. ఆ వంతెన వెడల్పు చేసి ఎన్నాళ్ళయిందో. ఆ స్థానంలో నారింజ రంగు బోర్డు నిలబడి ఉంది. దాని మీద కుడికి తిరగమని మా కారంత బాణం. దాని వెనక ఎర్రా తెల్లా చారల డ్రమ్ములు, వాటి వెనక తవ్వేసిన రోడ్డు. ఆయన తిన్నగా పోనిస్తున్నారు.

"ఏమండీ! ఆపండి! ఆపండి!"

బ్రేకు పడింది. మొదటి డ్రమ్ము మా బంపరుకు తగిలి పక్కకు ఒరిగింది. ఎర్ర జెండా పట్టుకున్న ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు. గుంతలో దిగి పని చేస్తున్న ఇద్దరు మనుషులు తలలెత్తి మా వైపు చూశారు. ఇంకో రెండు గజాలు వెళితే ఆ తలల మీదే ఉండేవాళ్ళం.

"ఇంత బోర్డు పెట్టాం, కనపడలేదాండీ?" అని అడిగింది ఆవిడ. కోప్పడలేదు, నిజంగానే అడిగింది.

"ఎండ కంట్లో పడిందమ్మా" అన్నారు మావారు. 

కారు దారి పక్కకు తీసి ఆపారు. అవతల రోడ్డు మీద కొత్త నీలం బోర్డు ఒకటి కనపడుతోంది. "దాని మీద ఏముందండీ?" అని అడిగాను. ఆయన చాలాసేపు చూశారు. "నీలం రంగు" అన్నారు చివరకు. "రంగు తెలుస్తోంది. అక్షరాలు రావట్లేదు సుగుణా. డాక్టరు దగ్గరికి నీకు చెప్పకుండా వెళ్ళొచ్చా. అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు. లోపల నరం దెబ్బతిందంట."

"ఎన్నాళ్ళయింది?"

"నిన్ను డ్రైవింగ్ స్కూల్లో చేర్చా చూడు. దానికి ముందే."

నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒక్కసారే. "నా కోసం నేర్చుకోవే" అని వెంటపడి చేర్పించినప్పుడు, ఈ వయసులో మొగుడికి ఎంత ముచ్చటో అని వీధంతా చెప్పుకున్నాను. ముందే బోర్డులు చెప్పేస్తుంటే చప్పట్లు కొట్టాను. గుంతలో ఆ ఇద్దరి ముఖాలు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. "దిగండి" అన్నాను. దిగారు.

అక్కణ్ణుంచి నేనే నడిపాను. బోర్డులు చదవాలనిపించలేదు. బందరు పొలిమేరలో ఆయన నెమ్మదిగా అన్నారు: "ఇక్కడ మార్చుకుందాం. మీ తమ్ముడి వీధిలోకి నువ్వు తోలుకుంటూ వస్తే ఏమనుకుంటారు? మెల్లగా పోనిస్తాలే."

"వ్యాను మాత్రం ముట్టుకోకండి. నా మీద ఒట్టు" అన్నాను. ఆయన అప్పటికే తన పక్క తలుపు తెరిచారు. సందులో నడక వేగమే కాబట్టి స్టీరింగ్ ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

పది దాటేసరికి గిలకలదిండి చేరాం. వీధంతా ఉప్పుచేపల వాసన. వ్యానుకు బంతిపూల దండలు, అద్దానికి పసుపు కుంకుమ బొట్లు. పూజ అయింది, కొబ్బరికాయ కొట్టారు. నాగరాజు నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి, తమలపాకులో తాళం చెవి పెట్టి అందించాడు. "కానీయ్ బావా!"

వ్యాను ముందు వీధిలో పిల్లలు గుంపుగా నిలబడ్డారు. మావారు తాళం చెవి కళ్ళకద్దుకుని, మెట్టెక్కి, సీట్లో కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, నిటారుగా నడుము. పాతికేళ్ళు చూసిన మనిషే.  అందరి ముందూ అరిచి ఆపనా? ఆపితే ఆయన పరువు. ఆపకపోతే ఆ పిల్లలు. నోరు తెరవబోయాను. ఆయన అద్దంలోంచి ఎదురుగా చూశారు, కళ్ళు చికిలించి మళ్ళీ చూశారు. ఆ గుంపులో ఎందరున్నారో ఆయనకు తెలియడం లేదని నాకొక్కదానికే తెలుసు.

ఆయన దిగేశారు.

"ఆడపడుచు ఎదురుగా ఉండగా నేను తొక్కించడమేందిరా నాగరాజూ? మీ అక్క చేతుల మీదుగా కానీయ్."

"అక్కకి వ్యానొచ్చా?" తమ్ముడు నోరు వెళ్ళబెట్టాడు. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు.

"లైసెన్సుంది. నా కంటే బాగా చూసుకుని తోలుద్ది" అని తాళం చెవి నా చేతిలో పెట్టి, పిల్లల దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్కరినీ భుజం పట్టుకుని అరుగుల మీదికి ఎక్కించారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుని గేరు వేశాను. ఒకసారి ఆగిపోయింది. రెండోసారి నిమ్మకాయలు చిట్లిన చప్పుడు వినపడింది.

మధ్యాహ్నం పండుగొప్ప చేప పులుసుతో భోజనం. సీజను సంగతి తమ్ముడు ఎత్తగానే మావారు అన్నం కలుపుతూనే చెప్పేశారు. "నాకు కళ్ళు ఆనట్లేదురా. వేరే మనిషిని చూసుకో."

"అదేంటి బావా, ముందే చెప్పొచ్చుగా?"

"ముందు నాకు నేను చెప్పుకోవాలి కదరా."

 నాగరాజు మారు ముక్క ఒకటి ఆయన విస్తట్లో వేసి, "పోనీ రేవులో సరుకు చూడు బావా. చేప తాజాదో కాదో తెలవడానికి చెయ్యి చాలు" అన్నాడు. మావారు ఆ ముక్క తిన్నారు.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. ఎవరూ అడగకుండానే ఆయన ఎడమ పక్కకు వెళ్ళి కూర్చున్నారు. గూడూరు దాకా ఆయన కుడి కాలు ఉత్త నేలను బ్రేకులా తొక్కుతూనే ఉంది. పామర్రు ముందు ఆ డ్రమ్ముల దగ్గర నేను బాగా నెమ్మది చేశాను. ఒరిగిన డ్రమ్మును ఎవరో నిలబెట్టారు. జెండా ఆవిడ నన్ను గుర్తుపట్టి నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. రోడ్డు బాగుంది, బోర్డులు బాగున్నాయి, తిండి దొరుకుతుంది. కానీ ఎన్నేళ్ళు తిరిగిన రోడ్డయినా, ఇవాళ కొత్తగా చూసుకునే వెళ్ళండి.

ఉయ్యూరు దాటాక పొద్దు నా కళ్ళలో పడుతోంది. పక్కనుంచి మాటా పలుకూ లేదు. తిరిగి చూస్తే ఆయన తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. నేను నమ్మలేకపోయాను. బస్సులో తిరుపతి వెళ్ళినా రాత్రంతా డ్రైవరు వెనకే కూర్చుని రోడ్డు చూసే మనిషి. ఇంకొకరు నడుపుతుంటే ఆయన కన్ను మూయడం పెళ్ళయ్యాక నేను చూడలేదు. పొద్దున్నుంచి పట్టి ఉంచిన కోపం అక్కడ కరిగిపోయింది. పెనమలూరు దగ్గర స్పీడు బ్రేకరు ఉందని బోర్డు కనపడింది. బోర్డుకు ఇవతలే గేరు తగ్గించి, మెల్లగా ఎక్కించి, మెల్లగా దింపాను. ఆయన లేవలేదు.