తొమ్మిది రోజుల దూరం

పరాగ్వే నది ఎగువన ఒక చిన్న రేవులో సిన్ఫోరియానా పదహారేళ్లుగా చేస్తున్న పని ఒకటే. తెల్లవారగానే నీటి ఒడ్డున పాతిన కొలకర్ర దగ్గరికి దిగి, నీళ్లు ఏ గీతను తాకుతున్నాయో చూసి, ఆ అంకెను రేడియోలో దిగువ పట్నానికి చెబుతుంది. అక్కడ రాసుకునే మనిషి సలుస్తియానో. ఇక్కడ పొంగిన నీరు అక్కడికి చేరడానికి తొమ్మిది రోజులు పడుతుంది. ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడలేదు; గౌరవంగా అతను ‘న్యా’ అంటాడు, ఆమె ‘దోన్’ అంటుంది.

"న్యా సిన్ఫో, ఇవాళ ఎంత?"

"అయిదు మీటర్ల యాభై. ముందు పలకరింపైనా లేదేం దోన్?"

"పలకరిస్తే మీ కోళ్ల సంగతులన్నీ చెబుతారు. ఈలోగా నా తెరెరే గ్లాసులో మంచుముక్కలు కరిగిపోతాయి."

ఆ ఏడు వానలు తెరిపి ఇవ్వలేదు. ఆ పొద్దున అంకె రాసుకున్నాక కూడా సలుస్తియానో రేడియో కట్టేయలేదు.

"మొన్న మీ రేవు దాటిన సరుకుల పడవ ఇక్కడికి వచ్చింది. మీ రేవు గిడ్డంగి మూడో మెట్టు మునిగిందంటున్నాడు పడవవాడు. అయిదున్నరకి అది మునగదు కదా?"

"పదహారేళ్ల నా మాట కంటే వాడి మాట ఎక్కువైందా?"

"కోప్పడండి. కానీ ఒకసారి చూసి రండి."

ఆమె విసురుగా రేవులోకి దిగింది. మూడో మెట్టు నిజంగానే కనబడలేదు. గిడ్డంగి గోడ మీద ఎత్తు రాసి ఉన్న పాత వరద గీతల నుంచి తాడుతో కొలిచింది. నలభై సెంటీమీటర్ల తేడా. మూడు వారాల కిందట ఒక పడవ గుద్ది కొలకర్ర పడిపోతే, పనివాళ్లు మళ్లీ పాతారు. ఆమె వాళ్లకు ఉడికించిన మందియోకా దుంపలు పెట్టింది గానీ, కర్ర సరైన ఎత్తులో ఉందో లేదో చూడలేదు.

రేపటి నుంచి అంకె సరిచేసి చెబితే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచనను అక్కడే వదిలి ఆమె రేడియో దగ్గరికి వెళ్లింది.

"దోన్, మూడు వారాలుగా నేను చెప్పిన ప్రతి అంకెకూ నలభై కలుపుకోండి. కర్ర ఎత్తుగా పాతారు. చూసుకోకపోవడం నా తప్పు."

ఆమె రేడియో మీట మళ్లీ నొక్కింది.

"వింటున్నారా?"

"రాసుకుంటున్నాను. ఇక్కడ నా లెక్క ఎందుకు కుదరడం లేదా అని తల పట్టుకుని కూర్చున్నాను. తిట్టడం తర్వాత. ముందు పల్లపు వీధుల వాళ్లను లేపాలి. వారం కిందట మీ రేవు దాటిన నీళ్లు ఎల్లుండికే ఇక్కడ ఉంటాయి."

తొమ్మిదో రోజుకు సిన్ఫోరియానా రేవులో ఎండ కాస్తోంది, ఆడవాళ్లు మెట్ల మీద బట్టలు ఆరేస్తున్నారు. రేడియోలో మాత్రం వరద. నాలుగు వందల మంది మెరకన ఉన్న బడికి చేరారు. ప్రాణాలు పోలేదు. కోళ్లు పోయాయి, ఒక పడవల వడ్రంగి కలపంతా కొట్టుకుపోయింది. తన ముందు నుంచి ఎప్పుడో వెళ్లిపోయిన నీళ్ల గురించి ఆమె ఎండలో కూర్చుని వింది.

నీళ్లు తగ్గాక సరుకుల పడవెక్కి దిగువకు వెళ్లింది. రేవులో దిగుతూ, "కాస్త జరగండయ్యా" అనగానే దారికి అడ్డంగా ఉన్న పొట్టి మనిషి గిరుక్కున తిరిగాడు.

"న్యా సిన్ఫో?"

తిట్లకు సిద్ధపడే వచ్చింది. సలుస్తియానో మాత్రం ఆమె సంచి అందుకుని పల్లపు వీధికి తీసుకెళ్లాడు. గోడల మీద భుజమెత్తున బురద చార ఉంది. వడ్రంగి కొత్త పలక చిత్రిక పడుతున్నాడు. సిన్ఫోరియానా తానెవరో చెప్పింది.

"అయితే మమ్మల్ని లేపింది మీరేనన్నమాట."

"ఆలస్యంగా లేపింది కూడా నేనే."

వడ్రంగి చిత్రిక ఆపాడు. "కలప పోయింది. పిల్లలు దక్కారు" అని, పలక రెండో కొస చూపించాడు. "అది కదలకుండా పట్టుకోండి."

ఆమె వంగి పట్టుకుంది.