నాన్న డైలాగులూ... నా కొత్త కర్నెలూ

మా చిన్నప్పుడు ఒకరోజు... నాన్న స్టూడియోకి అటు వెళ్ళారో లేదో, ఇటు నేను కంప్యూటర్ ముందు వాలిపోయాను.

నాకు పద్నాలుగేళ్ళు. కోడంబాక్కంలో ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్ మాది. నాన్న తమిళ సీరియళ్ళకి తెలుగు డబ్బింగ్ మాటలు రాసేవారు. మామయ్య ఇచ్చిన పాత కంప్యూటర్లో, తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొట్టేవారు. అందులో కంప్యూటర్ని నడిపే లినక్స్ తప్ప ఇంకేం లేదు. పాటలు పెడితే వినబడవు! సౌండ్ రావాలంటే కర్నెల్‌ని, అంటే లోపల అన్నిటికీ పెత్తనం చేసేదాన్ని, మనమే సోర్సు, అంటే దాని అసలు ప్రోగ్రాము రాత నుంచి తయారు చేసుకోవాలని ఏదో పత్రికలో చదివా.

అది కావాలా? ఇది కావాలా? తయారీకి కూర్చుంటే కంప్యూటర్ వేసేవి వందల ప్రశ్నలు... ఒకటి దాటితే మళ్ళీ దాని దగ్గరికి పోనివ్వదు. మొదట్లో శ్రద్ధగా చదివా. తర్వాత విసుగొచ్చి కాదు, కాదు, కాదు అని నొక్కుకుంటూ పోయా. మధ్యలో అనుమానమొచ్చింది... ఇందాక దేనికో కాదన్నానే, దేనికి? ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. పోనీలే అనుకున్నా.

తయారవడానికి మూడు గంటలు. ఎవరైనా స్విచ్ తీసేస్తారేమోనని కుర్చీ వదల్లేదు. చెమటలు కారుతున్నా, అమ్మ అన్నానికి పిలిచినా కదల్లేదు. చివరికి పాతదాని మీదే కొత్తది ఎక్కించి, మళ్ళీ ఆన్ చేశా.

నల్ల తెర, నాలుగు తెల్ల వరసలు... అంతే. నేను కాదన్నది హార్డ్ డిస్కుకే! నాన్న రాసిన డైలాగుల ఫైలు లోపలే భద్రంగా ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది నా పని.

అప్పుడే నాన్న వచ్చారు. "పాపా, ఆ ఫైలు ఫ్లాపీలో ఎక్కించు. స్టూడియోలో ఆర్టిస్టులు కూర్చోనుండారు."

పారిపోదామంటే గుమ్మంలో ఆయనే. ఏడుస్తూ చెప్పా.

తిట్టలేదు. "కాగితాలు తీయి. నేను చెప్తా, నువ్వు రాయి."

గంటన్నర... లేవనివ్వలేదు. సీరియల్లో తల్లి కూతురికి చెప్పే ఒక మాట దగ్గర ఆగిపోయారు. తమిళ నటి పెదాల కదలికకి సరిపోవాలి కదా, వేళ్ళు మడుస్తూ అక్షరాలు లెక్కపెట్టుకున్నారు. "ముందు రాసింది ఇంకా బాగుండె పాపా... గుర్తు రావడం లా." ఏదో ఒకటి చెప్పి లేచారు. అంతకన్నా నాలుగు తగిలించినా బాగుండేది!

వారం తర్వాత మామయ్య ఆ డిస్కుని వేరే కంప్యూటర్‌కి తగిలించి ఫైలు తీశాడు. అప్పటికే ఆ భాగం టీవీలో వచ్చేసింది. నాన్న తెర మీద ఆ మాట చదువుకుని, "ఇదే" అన్నారు. ఆ తర్వాత ఆయన కంప్యూటర్ ముట్టలేదు... అన్నీ పెన్నుతోనే.

ఇప్పుడు నా ఉద్యోగమే ఈ కర్నెల్ పని. కర్నెల్ పది నిమిషాల్లో తయారవుతుంది, తేడా వస్తే పాతది పక్కనే ఉంటుంది. కానీ ఆ తల్లి మాట మాత్రం నా దగ్గర ఆ ఫైల్లోనే ఉండిపోయింది... దాన్ని ఎవరూ పలకలేదు.

మీరూ చిన్నప్పుడు ఇంట్లో ఎవరి పనైనా ఇట్లా చెడగొట్టారా? చెప్పండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కాస్త ఊపిరాడుతుంది.