హెబ్రోను గారి ఎంసీబీ సాక్ష్యం

మా ఇందుకూరుపేట సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. జబ్బు నయమైన వాళ్లు, పరీక్ష గట్టెక్కిన వాళ్లు లేచి దేవుడికి కృతజ్ఞతలు చెబుతారు. మా పక్కింటి హెబ్రోను గారు మాత్రం తన ఇంటి ఎంసీబీ గురించి చెప్పేవారు.

నవ్వకండి, నిజమే. వైరు మీద భారం ఎక్కువైనా, తడికి షార్టు అయినా తనంతట తానే కిందికి పడి కరెంటు ఆపేసే చిన్న స్విచ్చి అది. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా వీధిలో తుప్పు పట్టని వస్తువంటూ లేదు. నాలుగు చినుకులు రాలితే చాలు, అందరిళ్లలోనూ ఎంసీబీలు టపటపా పడిపోతాయి. హెబ్రోను గారిది ఇల్లు కట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా పడలేదు. ఆయన సంఘ కార్యదర్శి. ఆ కుర్చీలోంచి కూడా ఆయన ఎన్నడూ దిగలేదు. రెండూ తన ప్రార్థనాబలమేనని ఆయన గట్టి నమ్మకం.

మా ఇంట్లో కరెంటు పోయిన ప్రతిసారీ ప్రహరీ మీదుగా ఆయన తల కనిపించేది.

"మళ్లీ పడిపోయిందా రవీ? కుటుంబ ప్రార్థన సరిగ్గా చేస్తా ఉండారా, లేదా?"

చీకట్లో స్టూలెక్కి స్విచ్చి తడుముకుంటున్న వాణ్ణి అడగవలసిన ప్రశ్నేనా ఇది? నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఇంట్లో అసలు అవస్థ ఆయన భార్య ఎలిశబెతక్కది. కొంతకాలంగా వంటింట్లో ఆమెకు కాలిన రబ్బరు వాసన వస్తోంది. ఇండక్షన్ స్టౌ, మిక్సీ, ఫ్రిజ్, గీజరు, అన్నీ ఒకే లైను మీద తిరిగే వంటిల్లు అది. ఆ సంగతి ఆమె భర్తకు చెప్పింది.

"అది నీ ఎండుచేపల వాసన" అన్నారాయన, పేపరు మీద నుంచి కళ్లెత్తకుండా.

పాపం, ఆమె ఎండుచేపలు వండటం మానేసింది. వాసన మానలేదు. మళ్లీ చెప్పింది. "అయితే నీ ముక్కులోనే ఉండాది" అని తేల్చేశారు. ఆ ఆదివారం కూడా లేచి ఎంసీబీ సాక్ష్యం చెప్పారు. చివరి వరసలో కూర్చున్న ఎలిశబెతక్క తల వంచుకుని కొంగు అంచు మడతలు పెడుతూ ఉండిపోయింది. ఎన్నేళ్లుగానో చర్చికి వస్తున్నా ఆమె సాక్ష్యానికి లేచింది లేదు.

తర్వాతి శనివారం వాళ్లింటికి పాస్టరు గారు భోజనానికి రావలసి ఉంది. పొద్దున్నుంచీ వంటింట్లో అన్నీ ఒక్కసారే తిరుగుతున్నాయి. ఉన్నట్టుండి ఎలిశబెతక్క కేక వినబడి నేను గోడ దూకాను. మిక్సీ పెట్టిన ప్లగ్గు దగ్గర మంట లేచి స్విచ్‌బోర్డు కరిగి కారుతోంది. ఆమె కొంగు కాలి పెద్ద చిల్లు పడింది. హెబ్రోను గారు స్టూలెక్కి ఎంసీబీని కిందికి నొక్కుతున్నారు. అది కదలటం లేదు. రెండు బొటనవేళ్లతో నొక్కినా బిగుసుకుని అట్నే ఉంది. నేను వరండాలోకి పరుగెత్తి మీటరు దగ్గర ఫ్యూజు పీకేస్తే గాని మంట ఆరలేదు.

సాయంత్రం ఆండ్రూ వచ్చాడు. ఆ ఇంటికి వైరింగు చేసినవాడు, హెబ్రోను గారి మేనల్లుడు. సాక్ష్యంలో సగం గొప్ప తనదేనని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకు తిరిగినవాడు. మీటరు దగ్గర ఫ్యూజు తీసే ఉందని చూసుకుని, టెస్టరు పెట్టి, స్క్రూలు వదులు చేసి ఎంసీబీని ఊడదీశాడు. వెనకంతా నల్లగా మాడిపోయి, లోపల తుప్పు పట్టి ఉంది.

"ఇది ఎప్పుడో చచ్చిపోయింది మామా. పడాల్సినప్పుడు పడకుండా బిగుసుకుపోయింది" అన్నాడు. "కంపెనీ మాలు అట్టా ఉండాది" అని తప్పు తన మీద నుంచి దులిపేసుకున్నాడు.

"ఈసారి ఇంకా పెద్దది బిగించబ్బయా, మాటిమాటికీ పడకుండా" అన్నారు హెబ్రోను గారు. ఇల్లు అంటుకోబోయిన రోజు సాయంత్రం అన్న మాట ఇది!

"వైరుకు తగ్గదే పెట్టు ఆండ్రూ. పడేదే పెట్టు" అంది ఎలిశబెతక్క. కాలిన వైర్లు కూడా మార్పించింది. పాత ఎంసీబీని ఆండ్రూ చేతిలోంచి తీసుకుంది.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల సమయానికి హెబ్రోను గారు అందరికంటే ముందు లేచారు. తమ ఇంట్లో మంటలు లేచాయని, ప్రభువు కాపాడాడని గద్గద స్వరంతో చెప్పారు. ఎంసీబీ ఊసెత్తలేదు. ఫ్యూజు పీకిన నా ఊసూ ఎత్తలేదు.

ఆయన కూర్చున్నాక ఎలిశబెతక్క లేచింది. బైబిలు సంచిలోంచి ఆ నల్లటి ఎంసీబీని తీసి, ముందుకు నడిచి, కానుకల బల్ల మీద పెట్టింది.

"మా ఇంట్లో పడలేదు, పడలేదు అని ఈయన చెప్తా ఉండింది దీని గురించే. చచ్చిపోయింది గనక పడలేదు. వాసన వస్తా ఉండాదని నేను మూడు నెల్లు మొత్తుకున్నా. నా కూర వాసన అన్నాడు, నా ముక్కు అన్నాడు. ఈ ముక్కు కూడా దేవుడిచ్చిందే గదా! ఇకమీదట నేను వాసన వస్తా ఉండాదంటే, ఆయన లేచొచ్చి చూడాల. అదే నా సాక్ష్యం."

ఎవరి సాక్ష్యం ముగిసినా "దేవునికి స్తోత్రం" అని ముందుగా పలకవలసింది కార్యదర్శే. సంఘమంతా ఆయన వైపు తిరిగింది. పాస్టరు గారు కూడా కళ్లజోడు సవరించుకుని చూశారు. హెబ్రోను గారు పాటల పుస్తకంలో ఏదో వెతుకుతున్నారు. ఎలిశబెతక్క నిలబడే ఉంది, కూర్చోలేదు.

చివరికి ఆయన పెదవులు కదిలాయి. "స్తోత్రం."

"వినపళ్లేదు" అంది ఎలిశబెతక్క.