కూర్చోనివ్వని ముల్గీ

మా ముత్తాత రాఘవరావు దేశ్‌ముఖ్. నల్లగొండ వైపు కొన్ని ఊళ్ల శిస్తు వసూలు ఆయన చేతిలో ఉండేది. తాలూకా కచేరీకి వెళ్తే ఆయనకు కుర్చీ వేసేవారు, తక్కినవాళ్లు నిలబడేవారు. మా తాత జగపతిరావు సైదాబాదులో పెద్ద దేవిడీ భవంతి కట్టించి, అక్కడా అదే పద్ధతి పెట్టారు. ముందు హాలులో ఆయన తన నోటితో కూర్చోమంటే తప్ప, అల్లుళ్లయినా సరే, కూర్చోకూడదు.

దయ్యాల మాట మా ఇంట్లో చెల్లేది కాదు. చచ్చినవాళ్లకు భయపడేవాడు బతికినవాళ్లకూ భయపడతాడని మా నాన్న అనేవారు. నేనూ ఎన్నడూ నమ్మలేదు. జరిగింది మాత్రం చెప్తాను.

తాత మంచాన పడ్డప్పుడు మా లెక్కలు రాసే మున్షీ ఆ దేవిడీని తన పేర రాయించుకున్నాడు. నాన్న కోర్టుకెక్కి ఓడిపోయారు. తర్వాత మున్షీ కొడుకు యాదగిరి ముందు హాలుకు గోడ కొట్టి షట్టరు పెట్టించి, దాన్ని రోడ్డు మీదికి తెరుచుకునే ముల్గీ చేసి దుకాణాలకు కిరాయికిచ్చేవాడు.

తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న రోజులవి. నాకు చైతన్యపురిలో కళ్ళద్దాల దుకాణం. ఇంటి యజమాని దాన్ని కోచింగ్ సెంటరుకిస్తానని ఖాళీ చేయించాడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా తిరిగాను. నాకు అందే కిరాయిలో కళ్లు పరీక్షించే జాగా ఎక్కడా దొరకలేదు. ఇంకో పని నాకు రాదు. మళ్లీ దుకాణం పెట్టలేకపోతే ఒకడి దగ్గర జీతానికి నిలబడాలి.

వనస్థలిపురంలో ఉండే బ్రోకరు సత్యంగారిది గుంటూరు వైపు. "సైదాబాదులో ఒకటుందండీ, చవకే. ఎవరొచ్చినా తొందరగా ఖాళీ చేసేస్తున్నారంట, ఎందుకో మరి" అన్నారు. వెళ్లి చూస్తే అది మా హాలు.

యాదగిరి షట్టరు దగ్గరే నిలబడి నవ్వాడు. "ఏంది రావుసాబ్, మీ తాత జాగల మీరే కిరాయికుంటరా? మంచిదే. మీకైతే సగానికే ఇస్త."

నేను షట్టరు దాటి వెళ్లాను. లోపల రెండు పాత కుర్చీలున్నాయి. ఒకదాంట్లో నేను కూర్చున్నాను. సత్యంగారు రెండోదాంట్లో కూర్చోబోయి ఉలిక్కిపడి లేచారు.

"ఏంటండీ ఇది, ఎవరో చంకల్లో చేతులేసి లేపినట్టుంది."

మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ లేచారు. నేను మర్యాద కోసం "కూర్చోండి సత్యంగారూ" అన్నాను. ఈసారి హాయిగా కూర్చున్నారు.

ముల్గీ తీసుకున్నాను. దుకాణం సాగింది. పరీక్షకొచ్చిన ప్రతివాళ్లనూ కూర్చోమని అనేవాణ్ని, కూర్చునేవారు. అనడం మరిచిపోతే నిలబడే ఉండేవారు, ఎందుకో వాళ్లకే తెలిసేది కాదు. ఒకనాడు నా భార్య టిఫిన్ డబ్బాతో వచ్చి, అలాగే లేచి నిలబడింది. "మనవడి పెండ్లాన్నయినా ఇంతేనా మీ తాతకు?" అంది.

యాదగిరి నెల నెలా కిరాయికొచ్చేవాడు. వాణ్ని నేను కూర్చోమనలేదు. వాడు మోకాళ్లు వంచేవాడు, నడుము కిందికి దిగేది కాదు. తక్కినవాళ్లు నేను అన్నాకే కూర్చోవడం చూసి, నవ్వేసి నిలబడేవాడు. దాచడమెందుకు, నెలంతా నేను ఆ రోజు కోసమే చూసేవాణ్ని.

ఒక బంద్ నాడు మెయిన్ రోడ్డు మీద పోలీసులు బాష్పవాయువు వదిలారు. యాదగిరి దగ్గుతూ సగం దించిన షట్టరు కింది నుంచి దూరి వచ్చాడు. కళ్లు ఎర్రబడ్డాయి, నిలబడలేకపోతున్నాడు. కుర్చీ పట్టుకుని వంగాడు. కూర్చోలేకపోయాడు. నేలమీద చతికిలబడబోయాడు. అదీ కుదరలేదు.

"జర కూసోమను దొరా" అన్నాడు. మొదటిసారి దొరా అన్నాడు. నేను గుడ్డతో అద్దాలు తుడుస్తూ ఉన్నాను.

"తప్పు మా నాయినదే. ముసలాయన సోయిలో లేనప్పుడు ఏలిముద్ర ఏయించిండు. గిది మీ ఇల్లే. ఇగనన్న కూసోమను."

నాన్న పోయేదాకా వినాలనుకున్న మాట అది. నా కడుపు నిండింది. ఇక చాలనుకుని, కూర్చో అనడానికి నోరు తెరిచాను. గొంతు పెగల్లేదు. మళ్లీ ప్రయత్నించాను. పెదవులు కదిలాయి, మాట లేదు. వాడు నా నోటివంకే చూస్తూ నిలబడ్డాడు. రోడ్డు మీద గొడవ సద్దుమణిగాక గోడ పట్టుకుని బయటికి నడిచి, మోరీ కాలువ పక్కన మట్టిలో కూలబడ్డాడు. అప్పుడు "యాదగిరీ" అన్న నా గొంతు నాకు వినిపించింది.

కొన్నాళ్లకు కబురు పంపాడు. "నేను కూసోలేని ఇల్లు నాకెందుకు. అమ్ముతున్న. ఖాళీ చెయ్యుండ్రి."

బతిమాలడం మా వంశంలో లేదు. ఖాళీ చేశాను. ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఒకరి దుకాణంలో జీతానికి కళ్లు పరీక్షిస్తున్నాను. వాడు తప్పు ఒప్పుకున్నాక, నేనే చాలనుకున్నాక కూడా తాత నా గొంతును ఎందుకు పట్టుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. అసలు పట్టుకున్నది ఆయనేనా అన్నదీ తెలియదు.

దేవిడీని ఒక బిల్డరు కొన్నాడు. కూలగొట్టాక టేకు దూలాలు, ద్వారబంధాలు కట్టెల అడితికి, హాలులో పరిచిన షాబాదు బండలు ఇల్లు కట్టుకుంటున్న ఇంకెవరికో అమ్మేశాడు.